మారిషస్–రోడ్రిగ్స్ ద్వీపాల మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణానికి నిజంగా పట్టే సమయం ఎంత?

గోదావరిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. సెప్టెంబరులో మా అమ్మాయి కుటుంబాన్ని చూడటానికి మేమిద్దరం మారిషస్ వెళ్తున్నాము. అక్కడి నుంచి రోడ్రిగ్స్ ద్వీపానికి కూడా వెళ్లి రావాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ప్రయాణం గురించి చదువుతుంటే ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తున్నది. రెండు ద్వీపాల మధ్య దూరం 560 కిలోమీటర్లని భూగోళ గ్రంథాలు చెబుతున్నాయి. దూరాలు లెక్కగట్టే ఒక వెబ్‌సైటు 598 అంటున్నది, మరొకటి 371 మైళ్లంటున్నది. సమయం విషయంలోనూ ఇదే పరిస్థితి: ఒకచోట గంటా పది నిమిషాలు, టికెట్టు మీద గంటన్నర. తిరుగు ప్రయాణం నాడే సాయంత్రం ఇండియాకు విమానం పట్టుకోవచ్చునా అన్నది మా అసలు సందేహం కనుక, ఈ అంకెల్లో దేనిని నమ్మాలో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రేఖాంశం

గోదావరిగట్టు గారూ, దూరాన్ని ఎవరి మాటా నమ్మనవసరం లేకుండా మనమే కాగితం మీద లెక్కకట్టుకోవచ్చు. నేను చాలా కాలం గణితం బోధించినవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తాను.

మారిషస్‌లోని సర్ శివసాగర్ రాంగులాం విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయ మూలన, ప్లేజాన్స్ అనే చోట ఉంది. దాని స్థానం సుమారు 20.43 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 57.68 డిగ్రీల తూర్పు రేఖాంశం. రోడ్రిగ్స్‌లోని ప్లేన్ కొరాయ్ విమానాశ్రయం ఆ ద్వీపపు నైరుతి కొసన, 19.76 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 63.36 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. అంటే అక్షాంశంలో తేడా 0.67 డిగ్రీలు, రేఖాంశంలో తేడా 5.68 డిగ్రీలు.

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ ఆ ప్రాంతంలో దాదాపు 110.7 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ డిగ్రీ కుంచించుకుపోతుంది. 20 డిగ్రీల అక్షాంశం దగ్గర అది దాదాపు 104.6 కిలోమీటర్లు. ఈ ప్రకారం ఉత్తరానికి 74 కిలోమీటర్లు, తూర్పుకు 594 కిలోమీటర్లు వస్తాయి. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజపు భుజాలుగా తీసుకుంటే కర్ణం దాదాపు 599. స్థానాలను మరికొన్ని దశాంశాల వరకు తీసుకుంటే 598 దగ్గర నిలుస్తుంది. మీరు చూసిన వెబ్‌సైటు అంకె సరైనదే.

గోళం మీద లంబకోణ త్రిభుజం చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు. ఇంత చిన్న దూరానికి చెల్లుతుంది. భూగోళం మీద అతి దగ్గరి దారి అయిన మహావృత్త మార్గానికీ, దిక్సూచి కోణం మార్చకుండా వెళ్లే దారికీ మధ్య ఇక్కడ వచ్చే తేడా ముప్ఫై మీటర్ల పాటిది. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లేటప్పుడు వందల కిలోమీటర్ల తేడా తెచ్చే విషయం ఇక్కడ రన్‌వే వెడల్పును మించదు.

సముద్రతీరం

చక్కగా వివరించారు మాష్టారూ. మరి 371 మైళ్లన్నది ఏ మైలు? విమానయానం వాళ్లు వాడే మైలు వేరని విన్నాను. 560 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఒక తీరం నుంచి మరొక తీరానికి కొలిచి ఉంటారా?

రేఖాంశం

371 అన్నది మామూలు మైళ్లలో, అంటే 1.609 కిలోమీటర్ల మైలులో. విమానాలకూ ఓడలకూ వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కలో ఇదే దూరం 323 అవుతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు ఒక నాటికల్ మైలు. అందుకే పటం పక్కనున్న అక్షాంశాల కొలబద్ద మీద కంపాస్ పెట్టి దూరాన్ని నేరుగా చదువుకోగలుగుతారు. మైలు అని మాత్రమే రాసి ఏ మైలో చెప్పని చోట అంకెను వాడవద్దు, పదిహేను శాతం తప్పు దొర్లుతుంది.

తీరం నుంచి తీరానికి కొలిచినా 560 రాదు. మారిషస్ తూర్పు కొసకూ రోడ్రిగ్స్ పడమటి కొసకూ మధ్య ఎడం 570 దాటుతుంది. 560 అన్నది ద్వీపం ఎంత దూరాన ఉందో చెప్పడానికి గ్రంథాల్లో నిలిచిపోయిన ఉజ్జాయింపు అంకె. ప్రయాణపు లెక్కకు అది పనికిరాదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. దూరం తెలియాలంటే రేఖాంశం తెలియాలి, ఒకప్పుడు అదే అన్నిటికన్నా కష్టమైన పని. 1761 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిన శుక్ర సంక్రమణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి ఖగోళవేత్త అలెగ్జాండర్ పాంగ్రే ఓడలో నెలల తరబడి ప్రయాణించి ఈ రోడ్రిగ్స్ ద్వీపానికే చేరాడు. సూర్యుడు మనకు ఎంత దూరాన ఉన్నాడో తేల్చడం ఆ పరిశీలనల లక్ష్యం. దానికి పరిశీలకుడు నిలబడిన చోటు రేఖాంశం కచ్చితంగా తెలిసి ఉండాలి. 1874 సంక్రమణానికి బ్రిటిష్ బృందం కూడా అక్కడికే వెళ్లింది. ఇప్పుడు మనం రెండు దశాంశ స్థానాల వరకు అలవోకగా రాసుకుంటున్న అంకె వెనుక అంతటి శ్రమ ఉన్నదని విద్యార్థులకు చెబుతుండేవాణ్ణి.

విమానపట్టిక

నేను హైదరాబాదులో విమానాల ప్రయాణ ప్రణాళికలు తయారుచేసే విభాగంలో పనిచేస్తున్నాను. మారిషస్ మార్గాలు నా పరిధిలోవి కావు. అయితే ఈ లెక్కల పద్ధతి అన్ని మార్గాలకూ ఒక్కటే కాబట్టి సమయం గురించి రాస్తున్నాను.

గంటా పది నిమిషాలు అన్న వెబ్‌సైటు చేసినది కేవలం భాగహారం. 598ని గంటకు 510 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే డెబ్బై నిమిషాలు వస్తాయి. ఆ మార్గంలో నడిచే ఏటీఆర్ 72 అనే టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్లతో ప్రొపెల్లర్లు తిరిగే) విమానపు గరిష్ఠ ప్రయాణ వేగం దాదాపు అంతే. కానీ విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి ఆ వేగంతో పోదు. నేల మీద రన్‌వే దాకా నడవాలి, ఎత్తుకు ఎక్కాలి, దిగాలి, మళ్లీ నేల మీద నడిచి ఆగాలి. టికెట్టు మీద ముద్రించేది గేటు నుంచి గేటుకు పట్టే సమయం. ఇంకా చాలామంది గమనించని విషయం, వెబ్‌సైట్లలో కొన్ని అన్ని మార్గాలకూ జెట్ వేగమే వేసి లెక్కకడతాయి, ఆ మార్గంలో జెట్ దిగగలదో లేదో చూడవు.

ఉజ్జాయింపుగా ఇలా అనుకోండి. సుమారు 5,500 మీటర్ల ఎత్తుకు ఎక్కడానికి 18 నిమిషాలు, ఆ లోపల సాగే దూరం 95 కిలోమీటర్లు. దిగడానికి 16 నిమిషాలు, సాగే దూరం 100 కిలోమీటర్లు. మిగిలిన 403 కిలోమీటర్లను గంటకు 500 చొప్పున దాటడానికి 48 నిమిషాలు. గాలిలో మొత్తం 82 నిమిషాలు. రెండు చోట్లా నేల మీది నడకకు కలిపి పది నిమిషాలు వేస్తే గంటన్నర దాటుతుంది. మీ టికెట్టు మీది అంకె ఇదే.

ఇదే లెక్కను పడమటి పొరుగు ద్వీపమైన రీయూనియన్‌కు వేసి చూడండి. ప్లేజాన్స్ నుంచి అక్కడి రోలాండ్ గారోస్ విమానాశ్రయానికి 232 కిలోమీటర్లు. రోడ్రిగ్స్ దూరం దానికి రెండున్నర రెట్లకు పైమాటే. అయినా అదే రకం విమానంలో రీయూనియన్‌కు గేటు నుంచి గేటుకు నలభై అయిదు నుంచి యాభై నిమిషాలు పడుతుంది కాబట్టి, సమయంలో తేడా రెండు రెట్లే. ఎక్కడం, దిగడం, నేల మీది నడక ఎంత చిన్న ప్రయాణానికైనా తప్పవు కనుక, దగ్గరి ద్వీపాల మధ్య దూరాన్ని బట్టి సమయాన్ని అంచనా వేయబోతే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

మూడు ద్వీపాల్లోనూ గడియారం ఒక్కటే, మన కన్నా గంటన్నర వెనుక. కాబట్టి టికెట్టు మీది బయలుదేరే సమయాన్ని చేరే సమయంలోంచి తీసివేస్తే వచ్చేది నిజమైన ప్రయాణకాలమే.

గోదావరిగట్టు

చాలా స్పష్టంగా ఉంది. మరొక్క సందేహం. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయని చదివాను. రోడ్రిగ్స్ మారిషస్‌కు తూర్పున ఉంది కనుక వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి ఉంటాయనీ, తిరుగు ప్రయాణం ఎప్పుడూ త్వరగా ముగుస్తుందనీ అనుకోవచ్చునా?

మేఘమాల

వాతావరణశాస్త్రం చదివినదాన్ని కాబట్టి దీనికి నేను సమాధానం చెబుతాను. నేల మీద, సముద్రం మీద మీరన్నది నిజం. ఆగ్నేయ పవనాలు అక్కడ నిలకడగా వీస్తాయి, మే నుంచి అక్టోబరు వరకు నడిచే శీతకాలంలో మరింత బలంగా వీస్తాయి. అయితే వాటి లోతు తక్కువ. ఉపోష్ణ మండలంలో పై నుంచి దిగే పొడిగాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున ఒక మూతలా పరచుకొని, తేమతో కూడిన వ్యాపార పవనాలను కింది పొరకే పరిమితం చేస్తుంది. ఆ మూతకు పైన, ముఖ్యంగా శీతకాలంలో, గాలి దిశ మారిపోయి పడమటి నుంచి వీచే రోజులు సర్వసాధారణం.

ఏటీఆర్ విమానం అయిదు కిలోమీటర్ల పైన ఎగురుతుందని విమానపట్టిక గారు రాశారు. అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వ్యాపార పవనాల్లో ఉన్నా, ప్రయాణంలో సింహభాగం వాటికి పైన సాగుతుంది. సెప్టెంబరులో మీరు రోడ్రిగ్స్ వెళ్తుంటే చెట్ల కొమ్మలన్నీ పడమటికి వంగి ఉన్న రోజున కూడా పై ఎత్తులో వెనుకగాలి తోడు రావచ్చు. వేసవిలో, అంటే అక్కడి డిసెంబరు నుంచి మార్చి వరకు, తూర్పు గాలులు పై ఎత్తులకు కూడా విస్తరించే అవకాశం ఎక్కువ. అందువల్ల ఏ దిశ ప్రయాణం త్వరగా ముగుస్తుందన్నది ఋతువును బట్టి, ఆ రోజు పై గాలిని బట్టి ఉంటుంది. నేల మీది గాలిని చూసి చెప్పలేము.

విమానపట్టిక

మేఘమాల గారు చెప్పింది ప్రణాళికలు వేసేవారు రోజూ చూసే విషయం. మాకు ఒక్కో ఎత్తుకు ఒక్కో గాలి పట్టిక విడిగా వస్తుంది, దాన్ని బట్టి ఎత్తును కూడా మారుస్తాం.

గాలి ప్రభావం ఎంతో అంకెల్లో చూద్దాం. పై ఎత్తులో గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే ఆ 403 కిలోమీటర్లకు 48 నిమిషాలకు బదులు 51న్నర నిమిషాలు, అంతే వెనుకగాలి ఉంటే 45న్నర నిమిషాలు. ఎక్కే, దిగే భాగాలను కూడా కలుపుకుంటే రానూ పోనూ ప్రయాణాల మధ్య పది నిమిషాల వరకు తేడా రావచ్చు. అంతకు మించి ఊహించుకోనక్కర లేదు. ఒకవైపు పోగొట్టుకున్నది మరోవైపు పూర్తిగా తిరిగి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనుకగాలిలో తక్కువసేపు.

నేల మీది గాలి మరొక విధంగా పనిచేస్తుంది. విమానం గాలికి ఎదురుగా ఎగరాలి, ఎదురుగానే దిగాలి. రెండు చోట్లా రన్‌వేలు వాయవ్య ఆగ్నేయ దిశల్లో, ఆ ఆగ్నేయ గాలికి సరిపోయేలా వేశారు. తూర్పుకు వెళ్లేవారు ఆగ్నేయంగా ఎగిరి కొద్దిగా ఎడమకు తిరిగితే చాలు. రోడ్రిగ్స్‌కు పడమటి నుంచి వచ్చి దాదాపు తిన్నగా దిగవచ్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఇంటికి వ్యతిరేక దిశలో ఎగిరి వెనక్కి తిరగాలి, ప్లేజాన్స్ చేరాక కూడా ద్వీపాన్ని చుట్టి వాయవ్యం వైపు నుంచి దిగాలి. ఆ అదనపు కిలోమీటర్లు 598లో లేవు. పై గాలి ఇచ్చే నిమిషాల్లో కొన్నింటిని ఈ మలుపులు తీసుకుంటాయి.

సముద్రతీరం

హైదరాబాదు నుంచి మా విశాఖకు గగనమార్గాన దాదాపు 510 కిలోమీటర్లే కదా, అక్కడ జెట్ విమానాలు నడుస్తున్నాయి. దీనికన్నా ఎక్కువ దూరానికి రోడ్రిగ్స్‌కు జెట్ ఎందుకు వేయరు? సమయం సగానికి తగ్గదా?

ప్రవాసి_కత్ర్‌బోర్న్

మారిషస్‌లో స్థిరపడి చాలా కాలమైంది, రోడ్రిగ్స్‌కు పని మీద వెళ్లి వస్తుంటాను. కారణం రన్‌వే. ప్లేజాన్స్ రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంటుంది, ప్లేన్ కొరాయ్‌ది 1,300 మీటర్లకు కాస్త తక్కువ. మీరు రోజూ చూసే జెట్‌లు నిండు ప్రయాణికులతో అంత పొట్టి రన్‌వే మీద దిగి ఎగరలేవు. ఏటీఆర్‌కు కూడా అది సరిపోయీ సరిపోనట్టే ఉంటుంది. పొడవైన కొత్త రన్‌వే ప్రణాళిక ఉంది. అది పూర్తయిన తరువాత జెట్ వచ్చినా సమయం సగం కాదు, విమానపట్టిక గారి పద్ధతిలోనే లెక్క వేస్తే గేటు నుంచి గేటుకు గంటా పది నిమిషాల దగ్గర ఉంటుంది. లాభం ఇరవై నిమిషాలు. ద్వీపవాసులు కొత్త రన్‌వేను కోరుకుంటున్నది ఆ ఇరవై నిమిషాల కోసం కాదు, ఎక్కువ సీట్ల కోసం, సరుకుల కోసం.

ఇక్కడివారికి ఈ విమానం విలాసం కాదు. నలభై వేలకు పైగా జనాభా ఉన్న ద్వీపం అది. పెద్ద వైద్యానికీ, పై చదువులకూ మారిషస్ రావాలి. పోర్ట్ లూయీ నుంచి ఓడలో అయితే ఒకటిన్నర రోజు దాకా పడుతుంది. 1972లో ఎయిర్ మారిషస్ సంస్థ తన విమాన సేవలను మొదలుపెట్టింది ఈ మార్గంలోనే, పైపర్ నవాహో అనే చిన్న విమానంతో. ఇప్పుడు ఖండాంతరాలకు వెళ్లే సంస్థ తొలి అడుగు ఈ 598 కిలోమీటర్లే.

గుంటూరుమిర్చి

నాకు విమానమంటే భయం. నేల కనిపించని సముద్రం మీద ఒక ఇంజిన్ ఆగిపోతే ఏమిటి గతి? హైదరాబాదు విశాఖల మధ్య అయితే దారిలో విజయవాడ, రాజమండ్రి ఉన్నాయి. ఇక్కడ మధ్యలో ఏమీ లేదు కదా. దయచేసి ఎవరైనా నిజం చెప్పండి.

విమానపట్టిక

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నే ఈ మార్గంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ద్వీపాల మధ్య దూరాన్ని మేము కిలోమీటరు తేడా లేకుండా లెక్కకట్టేదీ అందుకే. తొందరలేకుండా చెబుతాను.

రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్‌తో ఎగరగలిగేలా తయారవుతుంది. కానీ వేగమూ ఎత్తూ తగ్గుతాయి. అప్పుడు పైలట్ ముందున్న ప్రశ్న ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా అన్నది. దానికి జవాబు ఎగరక ముందే సిద్ధంగా ఉంటుంది. ముందుకు వెళ్లినా వెనక్కి తిరిగినా ఒకే సమయం పట్టే బిందువును ప్రతి ప్రయాణానికీ గుర్తిస్తాం. గాలి లేకపోతే అది సరిగ్గా నట్టనడుమ, అంటే 299వ కిలోమీటరు దగ్గర ఉంటుంది. గాలి ఉంటే అది ఏ వైపు నుంచి వీస్తుందో ఆ వైపుకు జరుగుతుంది. మామూలు వేగాలతోనే చూడండి: వెళ్లేటప్పుడు గంటకు 470, వెనక్కి తిరిగితే 530 అనుకుంటే, 598ని 530తో గుణించి రెండు వేగాల మొత్తమైన 1,000తో భాగించాలి. 317 వస్తుంది. ఆ చోటు నుంచి ముందున్న 281 కిలోమీటర్లకూ, వెనుకనున్న 317 కిలోమీటర్లకూ సమానంగా 36 నిమిషాలే పడుతుంది.

ఒక ఇంజిన్‌తో వేగం గంటకు 380కి పడిపోతుందనుకున్నా, గాలి లేని రోజున ఆ నడిమి బిందువు నుంచి ఏదో ఒక రన్‌వే చేరడానికి 47 నిమిషాలు చాలు. రెండు ఇంజిన్ల విమానాలు ఒక ఇంజిన్‌తో గంటకు మించిన దూరంలోకి వెళ్లాలంటేనే ప్రత్యేక అనుమతి కావాలి. ఈ మార్గంలో ఎక్కడ ఉన్నా ఆ గంట హద్దు లోపలే ఉంటారు.

ఇక రెండో ప్రశ్న, రోడ్రిగ్స్ పైకి చేరాక వానో మబ్బో కమ్ముకొని దిగలేకపోతే? దగ్గరలో మరో విమానాశ్రయం లేదు, ప్రత్యామ్నాయం మళ్లీ మారిషస్సే. కాబట్టి వెళ్లేందుకూ, తిరిగి వచ్చేందుకూ, ఆపైన అరగంట చక్కర్లు కొట్టేందుకూ సరిపడా ఇంధనంతో బయలుదేరాలి. ప్రత్యామ్నాయమే లేని ఏకాంత విమానాశ్రయాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం మరొకటుంది: గమ్యం పైకి చేరిన తరువాత ఇంకా రెండు గంటలు ఎగరగలిగే ఇంధనం టర్బైన్ ఇంజిన్ విమానంలో ఉండాలి, చివరి అరగంట నిల్వ అందులో భాగమే. ఏ పద్ధతి పాటించినా మారిషస్–రీయూనియన్ ప్రయాణం కన్నా చాలా ఎక్కువ ఇంధనం మోయాలి. ఏటీఆర్ గంటకు సుమారు 700 కిలోలు కాలుస్తుందనుకుంటే, తిరిగి వచ్చేందుకు మోసే ఇంధనమే దాదాపు 950 కిలోలు, అంటే సామానుతో సహా పదిమంది ప్రయాణికుల బరువు. ఆ బరువును మీ భద్రత కోసమే మోస్తారు.

గుంటూరుమిర్చి

ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదండి. వెనక్కి తిరిగి రాగల ఇంధనంతోనే బయలుదేరుతారన్న మాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

ప్రవాసి_కత్ర్‌బోర్న్

గోదావరిగట్టు గారూ, ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. పై లెక్కలన్నీ చూస్తే తిరుగు ప్రయాణం గంటన్నరలో ముగుస్తుంది కనుక అదే సాయంత్రం ఇండియా విమానం పట్టుకోవచ్చని అనిపిస్తుంది. నా సలహా మాత్రం వద్దనే. రోడ్రిగ్స్‌లో మబ్బు దిగి విమానం దిగకుండా వెనక్కి వెళ్లిందంటే మీరు ఎక్కవలసిన విమానమే రాలేదన్న మాట. రోజుకు నడిచేవి కొన్ని విమానాలే, వాటిలో సీట్లు తక్కువ, సెలవుల్లో ముందే నిండిపోతాయి. తరువాతి విమానంలో చోటు దొరకడం మీ చేతిలో ఉండదు.

సెప్టెంబరు తుఫానుల కాలం కాదు, అది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లో వచ్చేవారు రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి, హెచ్చరిక స్థాయి పెరిగితే రెండు విమానాశ్రయాలూ మూసేస్తారు. మీకు ఒక రోజు చాలు. ఇండియా విమానానికి ముందు రాత్రి అమ్మాయి ఇంట్లోనే గడిపేలా టికెట్లు తీసుకోండి. రెండు ప్రయాణాలకూ వేరువేరు టికెట్లయితే ఇది మరీ ముఖ్యం, మొదటిది ఆలస్యమైనా రెండో విమానం మీ కోసం ఆగదు, డబ్బూ తిరిగి రాదు. రోడ్రిగ్స్ మారిషస్‌లో భాగమే అయినా పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి. సామాను బరువు పరిమితి అంతర్జాతీయ టికెట్టు కన్నా తక్కువగా ఉండవచ్చు, పెద్ద పెట్టెలు అమ్మాయి ఇంట్లో వదిలి వెళ్లండి.

గోదావరిగట్టు

అందరికీ ధన్యవాదాలు. రోడ్రిగ్స్ నుంచి ఒక రోజు ముందే తిరిగి వచ్చేలా మార్చమని అల్లుడుగారికి ఇప్పుడే చెప్పాను. ఉదయం విమానానికే టికెట్లు చూస్తున్నారు, అది తప్పినా మధ్యాహ్నం మరొకటి ఉంటుందన్న ఉద్దేశంతో.

ప్రవాసి_కత్ర్‌బోర్న్

మంచి ఆలోచన. ఆ రోజు మధ్యాహ్నం విమానం ఉందో లేదో మాత్రం టికెట్టు కొనే ముందే పట్టికలో చూసుకోమనండి, వారంలో అన్ని రోజులూ ఒకేలా ఉండవు.